ఫోన్ ఎత్తకపోతే దారిలో ఉన్నట్టే

ఖాజా భాయ్ లేడు.

నిన్న పొద్దున మా సైకిల్ గ్రూప్‌లో మెసేజ్ చూశాను. వెంటనే ఫ్రెండ్‌కి ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, "ఏ రోడ్డు మీద?"

"రోడ్డు మీద కాదు శీనూ. ఇంట్లనే. కుర్చీల కూసోని చాయ్ తాగుతుండట, గట్లనే ఒరిగిండట. దవాఖానకు తీస్కపోయేలోపే..."

నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కావట్లేదు. మా అందరిలో గట్టి గుండె ఆయనదే అని నేనే అందరికీ చెప్పేవాణ్ణి.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. ఖాజా భాయ్‌ది సిద్దిపేటలో పరుపులు కుట్టే దుకాణం. వారమంతా దూదిలో మునిగి ఉండే మనిషి, ఆదివారం వస్తే హెల్మెట్ పెట్టుకుని రోడ్డెక్కేవాడు.

ఏ చెరువుకు ఏ దారిలో పోతే లారీలు తగలవో, అడవిలో ఏ మలుపు దగ్గర కోతులు బ్యాగు లాగుతాయో ఆయన్నే అడగాలి. చింతమడక వైపు పొలాల మధ్య రూట్, రంగనాయక సాగర్ రూట్, అక్కన్నపేట అడవి రూట్... మేం తొక్కేవన్నీ ఆయన వెతికి పెట్టినవే.

మొదటిసారి ఆ టైట్ సైక్లింగ్ షార్ట్ వేసుకున్న రోజు తలుచుకుంటే ఇప్పుడూ నవ్వొస్తుంది. చాయ్ బండి దగ్గర నలుగురూ చూస్తున్నారని బ్యాగులోంచి లుంగీ తీసి పైన కట్టుకున్నాడు. "సర్కస్‌ల జేరినవా భాయ్?" అని ఎవరో అడిగితే, "ఆ, నీకు టికెట్ ఫ్రీ" అన్నాడు.

అప్పటి నుంచి ప్రతి రైడ్‌లోనూ ఆ లుంగీ ఆయన బ్యాగులో ఉండేది.

ఆయన రూల్స్ రెండే. అడవి రోడ్డులో ఎవరూ ఒంటరిగా పోకూడదు. వస్తానన్న మనిషి వచ్చేదాకా, మేం కలుసుకునే కోమటి చెరువు కట్ట మీంచి కదలకూడదు.

"ఎంతసేపని చూస్తాం, ఫోన్ చెయ్ భాయ్" అంటే ఆయన లెక్క వేరే.

"చేస్త. ఎత్తిండంటే ఇంట్ల ఉన్నట్టు. ఎత్తలేదంటే తొవ్వల ఉన్నట్టు. తొక్కేటోడు ఫోన్ ఎట్ల ఎత్తుతడు తమ్మీ?"

ఆ లెక్కే నన్నోసారి కాపాడింది. అక్కన్నపేట అడవిలో అందరికన్నా వెనకబడి, కంకర మీద జారి పడ్డాను. మోకాలు చీరుకుపోయింది. ఫోన్ మోగుతోంది, తీసే ఓపిక లేదు. మిగతావాళ్లు "వస్తడు తియ్" అన్నారట. ఈయన మాత్రం సైకిల్ తిప్పుకుని వెతుక్కుంటూ వచ్చాడు.

ఆ లుంగీ చింపి నా మోకాలికి కట్టు కట్టాడు. "నా ఇజ్జత్ చింపి కట్టిన. జర మెల్లగ తొక్కు" అన్నాడు.

ఇక అసలు సంగతి. ఇది రాయకపోతే నాకు అన్నం సహించదు.

ఈ వానలకు కోహెడ అవతల ఒక చెరువు నిండింది. మత్తడి దుంకుతోంది. నిండిన చెరువు అలుగు మీంచి నీళ్లు తెల్లగా దూకుతుంటే చూడటం ఆయనకు పండగ. దాని ముందు సైకిల్ నిలబెట్టి ఫోటో తీస్తేనే ఆయనకు వానాకాలం వచ్చినట్టు.

శనివారం గ్రూప్‌లో "రేపు మత్తడి కాడికి. ఎవరెవరు?" అని పెట్టాడు. దారిలో కొంత అడవి ఉంది కాబట్టి ఇంకొకరైనా కావాలి. అందరికీ ఏవో పనులు.

నేనొక్కణ్ణే "నేనొస్త భాయ్" అని పెట్టాను.

పొద్దున సన్నగా చినుకులు. దుప్పటి వెచ్చగా ఉంది. ఫోన్ మోగింది. ఆయన పేరు కనిపిస్తూనే ఉంది.

ఎత్తలేదు.

ఎత్తితే ఏదో సాకు చెప్పాలి. నీళ్లు ఎక్కడికి పోతాయి, వచ్చే ఆదివారం చూద్దాంలే అనుకుని అటు తిరిగి పడుకున్నాను.

ఎత్తకపోతే ఆయన ఏమనుకుంటాడో నాకంటే బాగా ఎవరికి తెలుసు? తెలిసే ఎత్తలేదు.

మర్నాడు ఆయన దుకాణం ముందు నుంచి తల తిప్పుకుని పోయాను. మొహం చెల్లలేదు. ఆదివారం కలుస్తాం కదా, అప్పుడు సారీ చెప్దామనుకున్నాను.

నిన్న సాయంత్రం కబరస్తాన్ నుంచి వాళ్లింటికి వెళ్లాను. ఆయన కూతురు రేష్మ బయటికొచ్చి కాసేపు మాట్లాడింది. నన్ను తప్పు పట్టాలని కాదు, పాపం వాళ్ల నాన్నను తలుచుకుంటూ చెప్పింది.

"ఆదివారం డాడీ కోమటి చెరువు కట్ట మీద మస్తుసేపు నిలబడ్డడు చాచా. నువ్వు ఫోన్ ఎత్తలేదు గదా, తొవ్వల పంచర్ అయ్యిందేమో అని గాలి పంపు పట్టుకోని మీ ఇంటి దిక్కు ఎదురొచ్చిండు. మీ గేటు లోపట సైకిల్ కనవడ్డదట. 'అలసిపోయి పండుకున్నడు, లేపుడెందుకు' అని వాపస్ వచ్చిండు."

"మరి మత్తడి?" అన్నాను.

"పోలే. అడివి తొవ్వ గదా, ఒక్కడే ఎట్ల పోతడు?"

నా గేటు దాకా వచ్చావు భాయ్. గోడకు ఇవతల నేను ముసుగు తన్ని పడుకున్నాను.

బెల్ కొట్టాల్సింది. నాలుగు తిట్లు తిట్టి లేపాల్సింది. ఎప్పుడు లేపినా లేచేవాణ్ణి కదా. ఆ ఒక్క మత్తడీ చూసి పోయేవాడివి కదా.

అది ఇంకా దుంకుతూనే ఉందట. నీళ్లు ఎక్కడికీ పోలేదు.

ఈ పొద్దున కోమటి చెరువు కట్ట మీద, నువ్వు నిలబడే చోటే నిలబడి నీ నంబర్‌కు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది.

ఎత్తలేదు. నీ లెక్క ప్రకారం దారిలో ఉన్నట్టే.

ఎండెక్కేదాకా నిలబడ్డాను భాయ్.

అల్లా నీ దారంతా చల్లటి నీడ పరచాలి. నీ గుండెకు నెమ్మది ఇవ్వాలి.

ఈసారి మాత్రం నాకోసం ఆగకు. పోయి మత్తడి చూడు.