కెమెరా కంటికి ఏ లెన్సు?

నా కుడికంట్లో శుక్లం ఉందని మొదట కనిపెట్టింది డాక్టరు కాదు, నల్లగొండలో గడియారాలూ కెమెరాలూ బాగుచేసే ఒక ముసలి చాచా. తొంభైల నడుమ మాట. నాకు నలభై ఎనిమిదేళ్లు. నందికొండలో ఇరిగేషన్ ఆఫీసు గుమాస్తాను. జీతమిచ్చేది ఆఫీసే గాని నేను బతికింది కెమెరాతో. డ్యాము గేట్లు ఎత్తితే నీళ్లకంటే ముందు కిందికి ఉరికేవాడిని. మా కాలనీ పెళ్లిళ్లలో అయ్యగారు ఆలస్యమైతే సర్దుకునేవారు, నేను ఆలస్యమైతే ముహూర్తమే వెనక్కి జరిగేది.

ఆ యేడు కెమెరాకు కన్ను ఆనిస్తే చాలు, పొగమంచు. మే నెల మిట్టమధ్యాహ్నం, రాళ్లు పగిలే ఎండలో, పానగల్ గుడి స్తంభాల మధ్య కాశ్మీరాన్ని మించిన మంచు! ఫొటోలూ అలాగే వచ్చేవి. ఒక పెళ్లి ఆల్బంలో పెళ్లికూతురు ముఖం మసక, ఆమె వెనక గోడ మీది బల్లి మాత్రం గోళ్లతో సహా స్పష్టం. తప్పంతా లెన్సుదేనని దాన్ని తుడిచీ తుడిచీ రెండు కొత్త పంచెలు చింపాను. చివరికి కెమెరాను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకొని బస్సెక్కి చాచా దగ్గరికి పోయాను.

చాచా లెన్సు విప్పి బల్బు కింద తిప్పితిప్పి చూశాడు. "సాఫ్‌గుంది సాబ్. జర నీ కన్ను గిటు వెట్టు" అని గడియారాలు చూసే భూతద్దంతో నా కంట్లోకి తొంగిచూశాడు. "ఖరాబైంది కెమెరా గాదు. కంట్లె మోతిబిందు వచ్చింది. గా లెన్సు నా దుకాన్ల విప్పరాదు. దవాఖానకు పో."

ఉచిత శిబిరంలో శుక్లం తీయించుకుంటే సోడాబుడ్డి అద్దాలు ఇస్తారు. అవి పెట్టుకొని కెమెరాలోకి చూడటమంటే బిందె నెత్తిన బోర్లించుకొని ముద్దుపెట్టడమే. కాబట్టి కంట్లోనే లెన్సు పెట్టే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె ఇంకో చిక్కు తెచ్చింది.

"దూరం బాగా కనబడే లెన్సు పెట్టమంటారా, దగ్గరిదా? రెండూ కుదరవు. ఇంటికెళ్లి ఆలోచించుకోండి."

ఆ కన్నే నా కెమెరా కన్ను. ఎడమ కన్ను జన్మలో వ్యూఫైండర్‌కు ఆనలేదు, మూసుకోవడమే దాని ఉద్యోగం. ఎంపిక తప్పితే ఫోకసు ఇక నా చేతిలో ఉండదు, కెమెరా బీరువా ఎక్కుతుంది. నాకు దిగులు. ఇంట్లోవాళ్లకు మాత్రం ఇదొక సమస్యే కాదు.

"కెమెరా యాడ వెడతవయ్యా? కంటికి అతికిచ్చుకుంటవ్. మరి దగ్గరిదే గద!" అంది మా ఆవిడ.

చీరలు నేసే బావమరిది ఆమెను మించాడు. "బావా, నాకు మగ్గం మీది పోగు మూరెడు దూరంల కనవడాలె. నీకు మూరెడు గూడ లేదు, ముక్కు మీదనే ఉంటది. గింతదానికి గంత ఫికరా?"

ఇంత శాస్త్రం విన్నాక ఎదురుచెప్పే మొనగాడెవడు? దగ్గరిదే ఖాయం చేశాను.

ఆపరేషన్ రోజు దవాఖానకు కెమెరా మెడలో వేసుకునే వెళ్లాను. ఇంట్లో వదిలితే దిగులుపడుతుందని. నేను దగ్గరి లెన్సు అడగగానే డాక్టరమ్మ ఎందుకని అడిగింది. కన్నుకూ కెమెరాకూ అంగుళం దూరం కూడా లేదని లెక్క చెప్పాను.

"ఇటివ్వండి" అని ఆమె కెమెరా తీసుకుంది. తన అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "అద్దాలు లేకుంటే నాకు దగ్గరివే కనబడతాయి. మీకు దగ్గరి లెన్సు పెడితే మీరూ నాలాగే అవుతారు." కెమెరాకు కన్ను ఆనించి, ఫోకసు రింగు అటూ ఇటూ ఎంత తిప్పినా కుదరక పెదవి విరిచింది. "గోడ మీద క్యాలెండరు ఉందో, కంపౌండరు నిలబడ్డాడో తెలియడం లేదు." అద్దాలు పెట్టుకొని మళ్లీ చూసింది. "ఇప్పుడు తేదీ చదువుతున్నా. కెమెరా ముక్కు మీదున్నా అందులోని బొమ్మ దూరంగానే ఉన్నట్టండీ. చెప్పండి, ఏది పెట్టమంటారు?"

మా ఇంటి శాస్త్రవేత్తలిద్దరినీ మనసులో తిట్టుకుంటూ "దూరానిదే" అన్నాను.

కట్టు విప్పి, డాక్టరమ్మ సరేనన్నాక, మా ఆవిడను వాకిట్లో నిలబెట్టాను. మా కెమెరాలో నడుమ ఒక చిన్న గుండ్రం ఉంటుంది. ఫోకసు కుదరకపోతే అందులో మనిషి రెండు ముక్కలు. రింగు తిప్పాను. ఆమె ముక్కు పై సగం, కింది సగం నెమ్మదిగా జరిగి, అతుకు తెలియకుండా కలిశాయి. ఏడాదికి దొరికిన ముక్కు! గంతేయబోయి, డాక్టరమ్మ వద్దన్నది గుర్తొచ్చి ఆగాను.

తీరా చూస్తే, వెలుతురు సరిచేసే రింగు మీది అంకెలు చీమలబారు. దూరం కావాలన్నవాడికి దగ్గర పోయింది. చదివే అద్దాలు ఇంకా రాలేదు.

"గా రింగు మీద ఎంతుందో చూసి పదకొండు వెట్టు" అన్నాను.

"పదహారుంది. ఎండ సంపుతాంది, పదకొండెందుకు? పదహారే ఉండనీ. గుడ్డోనికి గింత పెత్తనమా?"

అంకెలు కనిపించనివాడు అంకెల మీద వాదించలేడు. అలాగే తీశాను. ఆమె ముఖం ముడతలతో సహా స్పష్టంగా వచ్చింది. ఆ అంకె పెరిగేకొద్దీ వెనకున్నవీ తేటపడతాయి. పదహారు పెట్టిన పుణ్యానికి, ఆమె వెనక తీగ మీద ఆరేసిన నా లుంగీ చిరుగు కూడా అంతే స్పష్టంగా వచ్చింది. అది తాను చెప్పిన అంకెతోనే వచ్చిందని, ఆ ఫొటోను ఆమె కాలనీ అంతా తిప్పి చూపించింది.