డ్రైవరు గారి కర్రకు టోపీ

మా మావయ్య పని టోపీలు పెట్టడం. ఈ మాట వినగానే ఎవరైనా ముందు నవ్వుతారు, ఆ తరువాత ఎంతమందికి పెట్టాడు, ఇంతవరకూ పట్టుబడలేదా అని అడుగుతారు. ఆయన మోసగాడు కాదు. టైర్ల దుకాణం మేడ మీద, బల్ల మీది బంతుల్ని కర్రతో కొట్టే పూల్ ఆట హాలు ఉంది. ఆడే కర్ర కొసన, బంతికి తగిలేచోట, చిటికెన వేలి గోరంత తోలు బిళ్ళ ఉంటుంది. దాన్ని మా హాల్లో టోపీ అంటారు. అది అరిగినా ఊడినా కొత్తది పెట్టేది మావయ్యే. ఆయన అసలు పేరు అందరూ మరిచిపోయారు. హాలు ఓనరు గారు కూడా "టోపీని పిలవండి" అనేవారు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "నా వృత్తి చెప్పగానే పిల్లనిచ్చేవాళ్ళు లేచి చెప్పులేసుకున్నారు" అనేవాడు. ఆ మాట అంటూ తాను నవ్వేవాడు కాదు. ఎదుటివాళ్ళ నవ్వు అయ్యేదాకా ఓపిగ్గా ఆగేవాడు. హాలు వెనక చెక్కగోడ అడ్డం పెట్టిన ఇరుకు గదిలో ఉండేవాడు. మంచం, కిటికీ, కిటికీ కింద పనిబల్ల. మంచం దిగితే బల్ల, బల్ల వదిలితే మంచం.

మాది పక్కవీధి. అమ్మ కుట్టుపనికి నా చేతులు కూడా కావలసి వచ్చి నా చదువు మధ్యలో ఆగింది. మధ్యాహ్నం మావయ్యకు క్యారేజీ పట్టుకెళ్ళి, ఆయన తిని గిన్నెలు ఇచ్చేదాకా గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద కూర్చునేదాన్ని. నలుగురు మగవాళ్ళున్న చోట నాకు నోరు పెగలదు. అందుకని చూస్తూ ఉండేదాన్ని. అలా చూసి చూసి ఆయన పని నాకు పట్టుబడింది.

పెద్ద సామాను ఏమీ లేదు. బ్లేడు, ఆకురాయి, గరుకు కాగితం, జిగురు, కింది దుకాణంలో పారేసిన ట్యూబు ముక్కలు. పాత టోపీని బ్లేడుతో కోసేస్తాడు. దాని కింద, రోకలికి ఉన్నట్టే, కర్ర కొసకు తొడిగిన తెల్లటి పొన్ను ఉంటుంది. పొన్ను మీద ఎండిన పాత జిగురు కనిపించకుండా గీకాలి. కొత్త టోపీ అడుగుభాగం నున్నగా, మెరుస్తూ ఉంటుంది. దాన్ని గరుకు కాగితం మీద బోర్లించి, మెరుపు మొత్తం చచ్చేదాకా గుండ్రంగా రుద్దాలి. "మెరుపు ఉన్నచోట బంక పట్టదు" అనేవాడు మావయ్య. ఆయన నాకు చెప్పిన పాఠం అదొక్కటే. మిగతాదంతా నేను చూసుకున్నదే.

ఆయనకున్న స్నేహితుడు ఒక్కడే, బస్సు నడిపి రిటైరైన డ్రైవరు గారు. రోజూ మా క్యారేజీ ఖాళీ అయ్యే వేళకు మెట్లెక్కి వచ్చేవారు. ఆ వేళ హాల్లో ఎవరూ ఉండరు. ఇద్దరూ మూల బల్ల దగ్గర ఆడుకునేవారు. మాటలు తక్కువ. "నీ వంతు, టోపీ" అని ఆయన, "కొట్టన్నా" అని ఈయన. గెలిచినవాడు ఓడినవాడి భుజం మీద కర్రతో చిన్నగా తట్టేవాడు. వాళ్ళ పలకరింపూ వీడుకోలూ అంతే. మావయ్య ఉదయమంతా ఆ మధ్యాహ్నం కోసమే బతికేవాడని నాకు అనిపించేది. డ్రైవరు గారి అడుగుల చప్పుడు మెట్ల మీద వినపడగానే తినడం తొందర చేసేవాడు.

హాల్లో ఆడేవాళ్ళకు ఏటా ఒక పోటీ పెడతారు. ఆ ఏడు డ్రైవరు గారు చివరి ఆటదాకా వచ్చారు. ముందురోజు కర్ర మావయ్యకు ఇచ్చి కొత్త టోపీ పెట్టమన్నారు. ఎదుటి ఆటగాడు మందుల షాపు కుర్రవాడు. హాలంతా జనం. ఆ రోజు నేను పీటను గోడవారకు జరుపుకుని కూర్చున్నాను. చివరికి నల్లబంతి ఒక్కటే మిగిలింది. పాకెట్‌కు ఎదురుగా, చిన్నపిల్లలైనా వేసేయగలిగినట్టు నిలబడి ఉంది. డ్రైవరు గారు వంగి కొట్టారు. టక్కుమనాల్సింది ఠప్పుమంది. టోపీ ఊడి ఎగిరిపోయింది. తెల్లబంతి దారి తప్పి బల్ల అంచుకు కొట్టుకుని ఆగింది. మందుల షాపు కుర్రవాడు నల్లబంతి వేసేసి గెలిచాడు.

టైర్ల దుకాణం మేస్త్రీ అన్నాడు, "డ్రైవరు గారూ, ఊరందరినీ వదిలేసి మీ టోపీ చివరికి మీకే టోపీ పెట్టాడండీ."

హాలు గొల్లుమంది. మావయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఎన్నో ఏళ్ళుగా ఆ మాట మీద తానే జోకులు వేసేవాడు. ఆ రోజు మాత్రం గుచ్చుకుంది. "టోపీలో ఏ లోపమూ లేదు. దెబ్బ అడ్డంగా పడింది. చెయ్యి వణికితే టోపీ ఏం చేస్తుంది?" అన్నాడు.

డ్రైవరు గారు తన చేతుల వంక చూసుకున్నారు. బస్సు నిండా జనాన్ని ఘాట్‌రోడ్ల మీద తిప్పిన చేతులు. కర్రను గుడ్డలో చుట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు. మరునాడు రాలేదు. ఆ తరువాతా రాలేదు.

మావయ్య అన్నం నెమ్మదిగా తినడం మొదలుపెట్టాడు. మెట్ల మీద ఏ చప్పుడైనా ముద్ద చేతిలోనే ఆగేది. టైర్ల దుకాణం వాళ్ళెవరో మంచినీళ్ళ కోసం వస్తే మళ్ళీ తినేవాడు. తరువాత వెళ్ళి మూల బల్ల మీద బంతులు పేర్చి, ఒక దెబ్బ తాను కొట్టి, చుట్టూ తిరిగి అవతలివైపు నుంచి ఇంకో దెబ్బ కొట్టేవాడు. ఆ రెండో దెబ్బ డ్రైవరు గారిది. దగ్గరి బంతులే కొట్టేవాడు. దూరంగా ఉన్నవాటి జోలికి పోయేవాడు కాదు.

పోటీ రోజు ఊడిన టోపీ దొర్లుతూ వచ్చి నా పీట దగ్గరే పడింది. దాన్ని తీసి చున్నీ కొసన కట్టుకున్నాను. ఇంటికెళ్ళి చూస్తే అడుగున సగం గరుకుగా ఉంది. మిగతా సగం అద్దంలా మెరుస్తోంది. మావయ్యకు దాన్ని ఇవ్వాలా వద్దా అని చాలా ఆలోచించాను. చివరికి ఆయన ఒక్కడే ఆడుకుంటున్న ఒక మధ్యాహ్నం బల్ల అంచు మీద పెట్టాను.

మావయ్య వేళ్ళు ఏళ్ళ తరబడి జిగురు తాగి మొద్దుబారిపోయాయి. అందుకని ఏ వస్తువు నునుపైనా చూడాలంటే కింది పెదవికి రాసుకుని చూస్తాడు. ఆ టోపీని కూడా రాసుకుని చూశాడు. చాలాసేపు పెదవి మీదే ఉంచాడు.

"సగం అలాగే వదిలేశానే" అన్నాడు.

టోపీని బల్ల మీద బోర్లించాడు.

"మెరుపు పోయిందనే అనుకున్నాను. ఈ మధ్య నాకన్నీ మెరుపు పోయినట్టే ఉంటున్నాయి." కిటికీ అద్దం మురికిపట్టిందనుకుని రోజూ తుడుస్తున్నానని చెప్పాడు. అద్దం శుభ్రంగానే ఉందా అని నన్ను అడిగాడు. శుభ్రంగానే ఉందన్నాను. అమ్మకు చెప్పవద్దన్నాడు.

డ్రైవరు గారి ఇంటికి వెళ్దామని అడిగింది నేనే. ఇవాళ కాదు రేపని, మెడ పట్టేసిందని, చొక్కా ఉతకలేదని వంకలు చెప్పాడు. అమ్మతో చెప్పి చొక్కా నేనే ఉతికించి తెచ్చాను. ఇక వంకలు అయిపోయాయి.

తలుపు తీసింది డ్రైవరు గారి భార్య. మావయ్యను చూసి ఆమె మొహం వికసించింది. "రండి రండి. ఈయన ఇంట్లో కూర్చుని నా కూరలకు వంకలు పెట్టి చంపుతున్నారు. మీ హాలుకే తీసుకుపోండి, పుణ్యముంటుంది" అంది. డ్రైవరు గారు చదువుతున్న పేపరు దించలేదు. మావయ్య కుర్చీ కోసం గాలిలో చెయ్యి చాపి తడుముతున్నాడు. పేపరు అలాగే మొహానికి అడ్డం ఉండగా, డ్రైవరు గారు కాలితో కుర్చీని మావయ్య చేతి కిందికి నెట్టారు.

మావయ్య కూర్చున్నాడు. "అన్నా, నాకు కళ్ళు ఆనడం లేదు" అన్నాడు.

"తెలుసు."

"నీకెలా తెలుసు?"

"నల్లబంతికీ నీలం బంతికీ తేడా లేకుండా కొడుతుంటే తెలియదా? నువ్వు గెలిచిన ఆటల్లో సగం నేను వదిలేసినవే."

మావయ్య తల వంచుకున్నాడు. తెలిసీ కర్ర తనకెందుకు ఇచ్చావని అడిగాడు.

"నీకు కాక ఇంకెవరికిస్తాను? ఇప్పుడైనా చెబుతావేమోనని చూశాను. 'అన్నా, నా వల్ల కాదు, వేరేచోట పెట్టించుకో' అంటావనుకున్నాను. అనలేదు సరికదా, అందరి ముందూ నా చెయ్యి వణికిందన్నావు."

"తప్పయింది."

"ఆ మాట హాల్లో అన్నావు. ఇది మాత్రం ఇంటికొచ్చి నా చెవిలో చెబుతున్నావు."

భార్య ఏదో సర్దిచెప్పబోయింది. ఆయన పేపరు ఇంకా పైకెత్తారు.

మావయ్య లేవలేదు. పోనీ కర్ర అయినా ఇవ్వమన్నాడు, టోపీ లేకుండా మోడులా ఉంటుందని. పెట్టేది తాను కాదని, నన్ను చూపించాడు. డ్రైవరు గారు నన్ను కాసేపు చూసి, లోపలికెళ్ళి కర్ర తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. సామాను సంచీలో తెచ్చుకున్నాం కాబట్టి తప్పించుకునే దారి లేదు.

పొన్ను మీది జిగురును బ్లేడు నిలువుగా పట్టుకుని గీకాను. ఆకురాయితో చదును చేశాను. టోపీని కాగితం మీద బోర్లించి రుద్ది మావయ్యకిచ్చాను. ఆయన పెదవికి రాసుకుని, ఇంకా అంచున మెరుపు ఉందన్నాడు. మళ్ళీ రుద్దాను. మళ్ళీ చూశాడు. తల ఊపాడు. రెండువైపులా జిగురు రాసి, అంటించి, ట్యూబు ముక్కను టోపీ మీదుగా సాగదీసి కట్టాం. ఆరేదాకా డ్రైవరు గారి భార్య టీ ఇచ్చి, వాళ్ళ మేడ మీద కొత్తగా దిగినవాళ్ళ సంగతులు చెప్పింది. మగవాళ్ళిద్దరూ ఆమె మాటలే వింటూ కూర్చున్నారు. ఆరిన తరువాత కర్రను తలకిందులుగా చెక్క మీద నొక్కిపెట్టి, పొన్నును మించి బయటికొచ్చిన తోలును కోశాను. పక్కలు తడిపి, కాగితంతో నున్నగా తోమాను. పైభాగాన్ని నాణెం అంచు వంపులో గుండ్రం చేశాను. డ్రైవరు గారు దాన్ని వెలుతురులో తిప్పి చూసి, "బాగుందమ్మా" అన్నారు. ఆ మాట నాతో అన్నారు. మావయ్య కుర్చీలోంచి లేస్తుంటే చెయ్యి అందించారు.

మరునాడు సాయంత్రం, హాలు నిండా జనమున్నప్పుడు, మావయ్య మూల బల్ల దగ్గర నిలబడి చెప్పాడు. గొంతు పెద్దది కాదు కాబట్టి బంతుల చప్పుడు ఆగేదాకా ఆగాడు. "ఆ రోజు డ్రైవరన్న దెబ్బ సరిగ్గానే పడింది. నాకు చూపు తగ్గింది. టోపీ నేను సరిగ్గా పెట్టలేదు." మేస్త్రీ ఏదో అనబోయి మానేశాడు. ఓనరు గారు గొంతు సవరించుకుని, మంచి కర్రలు ఇకమీదట బజారుకు పంపుదామని, హాలు కర్రలు కావాలంటే అమ్మాయి చూసుకుంటుందని అన్నారు. మావయ్య సరేనన్నాడు. బల్లల మీద గుడ్డ దులపడం, బంతులు తుడవడం ఆయనకు మిగిలాయి. చూపు సంగతి అమ్మకు నేనే చెప్పాను. ఏడ్చి, ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఇంకా తగ్గకుండా మందు వేయగలమే గాని పోయినదాన్ని తేలేమన్నారు.

మావయ్య అన్న మాట డ్రైవరు గారికి చేరే ఉంటుంది. మా పేటలో మాట దాగదు. అయినా ఆయన రాలేదు. మావయ్య మధ్యాహ్నాలు మెట్లవైపు చెవి పెట్టి కూర్చునేవాడు. చలికాలం వచ్చింది. ఒక రోజు మెట్ల మీద అడుగులు వినపడి, లేచి నిలబడ్డాడు. వచ్చింది డ్రైవరు గారి భార్య, చేతిలో గుడ్డ చుట్టిన కర్రతో. టోపీ పైన పలకలా చదునైందని, కాస్త గుండ్రం చేసి ఇమ్మన్నారని చెప్పింది. ఆయన రాలేదేమని మావయ్య అడిగాడు. మోకాళ్ళు, మెట్లెక్కలేకపోతున్నారంది. అలా అంటూ నావైపు గాని ఆయనవైపు గాని చూడలేదు. బజారు పని చూసుకుని వస్తానని దిగి వెళ్ళిపోయింది.

గుడ్డ విప్పాను. టోపీ బాగా వాడకంలో ఉన్న టోపీ. బంతి తగిలి తగిలి గట్టిపడి, నడినెత్తిన పలకగా ఉంది. జారకుండా కర్ర కొసకు రాసే సుద్ద దానికి పట్టి ఉంది. మా హాల్లో సుద్ద ఎప్పుడూ నీలమే.

మావయ్య టోపీని బొటనవేలితో తడిమాడు. వేలికంటిన పొడిని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఏ రంగే ఇది?" అన్నాడు.

నీలం అంటే సరిపోయేది. ఆయనకు తెలిసేది కాదు.

"ఆకుపచ్చ" అన్నాను.

ఆయన వేలిని లుంగీకి తుడుచుకున్నాడు. "వంతెన అవతల హాల్లో అది వాడతారు. ఆ హాలు కూడా మేడ మీదేనంటారు" అన్నాడు. కాసేపటికి మళ్ళీ అడిగాడు, "టోపీ ఎక్కడా లేవలేదుగా?"

పొన్నుకూ తోలుకూ మధ్య గోరు పెట్టి చుట్టూ తిప్పి చూశాను. గోరు దిగలేదు. "లేవలేదు మావయ్యా."

"అయితే గుండ్రం చేసి ఇచ్చెయ్. ఆమె వచ్చే వేళయింది" అన్నాడు.

నేను కాగితం తీసుకుని రుద్దడం మొదలుపెట్టాను. ఆయన మంచం మీద కూర్చుని, ఆ చప్పుడు వింటూ, మధ్యలో ఒకసారి నెమ్మదిగా రుద్దమని మాత్రం చెప్పాడు.