గీత గీసిన గ్లాసులు

మా చిన్నాయన పోయాడు. పదహారు రోజులైంది. విరుదునగర్‌లో నేను పనిచేసే పప్పుమిల్లు ఆఫీసులో ఉండగా పొద్దున్నే చిన్నమ్మ ఫోన్ చేసింది. ఎప్పుడు చేసినా ముందు “తింటివా పాపా” అని అడిగే మనిషి, ఆ రోజు అడగలేదు. “బయల్దేరి రా” అంది, అంతే. కోవిల్పట్టికి బస్సులో గంట. మధ్యలో సాత్తూరు ఎప్పుడు దాటామో కూడా నేను చూడలేదు.

మీలో ఎవరికీ ఆయన తెలియదు. కానీ సరదాకి పడవెక్కి, అందులో బల్ల ముందు కూర్చుని టీ తాగినవాళ్లు ఉంటే, ఆ బల్ల కాలు ఆయన చేసిందే అయినా కావచ్చు. చిన్నాయనకు కోవిల్పట్టిలో చిన్న లేత్ షాపు. మొదట్లో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలకు మెషీన్ భాగాలు చేసేవాడు. ఒకసారి తూత్తుకుడి నుంచి ఒక షికారు పడవ ఓనరు విరిగిన స్టీలు కాలు ఒకటి పట్టుకొచ్చాడు. పడవలో బల్లకు ఒకటే కాలు. అడుగున పళ్లెంలాంటి బిగింపు, అది నేల మీద కూర్చుంటుంది. తయారుచేసిన కంపెనీ ఆ రకం మానేసిందట, ఇంకెక్కడా దొరకదట. చిన్నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఎల్లుండి రమ్మన్నాడు.

కాలు అద్దంలా చేశాడు. సిమెంటు నేల మీద నిలబెట్టి, రసమట్టం పెట్టి చూసుకుని మురిసిపోయాడు కూడా. పడవలో బిగించాక టీ గ్లాసులన్నీ జారి ఓనరుగారి అత్తగారి ఒళ్లో పడ్డాయి. పడవ నేల వెనక్కి వాలుగా ఉంటుందని మాకెవరికి తెలుసు? నల్లరేగడి మనుషులం. మా నేల పగులుతుంది గానీ వాలదు. ఆ సంగతి చెప్పి చిన్నమ్మ ఏళ్ల తరబడి ఆయన్ని ఏడిపించింది.

ఆ సిగ్గులోంచే ఆయన పద్ధతి పుట్టింది. టీకొట్టు గాజు గ్లాసులు, అన్నీ ఒకే అచ్చువి, రెండు డజన్లు కొన్నాడు. కాలు కావాలన్న ప్రతి పడవకూ ఒక గ్లాసు గడ్డిలో చుట్టి కొరియర్లో పంపేవాడు. అల లేని పూట, బల్ల ఉండే చోట పడవ నేల మీద దాన్ని పెట్టాలి. సగానికి నీళ్లు పోయాలి. నీళ్లు ఎక్కడ ఆనుతున్నాయో గ్లాసు చుట్టూ మార్కరుతో గీత గీయాలి. పడవ ముందువైపుకి ఒక బాణం. తర్వాత నీళ్లు పారబోసి గ్లాసు వెనక్కి పంపాలి. షాపులో ఆయన ఆ గ్లాసులో మళ్లీ నీళ్లు పోసి ఒక పలక మీద పెట్టి, నీళ్లు గీతను ఆనుకునేదాకా పలక కింద చెక్కముక్కలు దూర్చేవాడు. అవి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ పాత పెట్టెలు విప్పి కోసుకున్న ముక్కలు, ఒక్కోటి సగం వేలి మందం. అలా ఎక్కడో నీళ్ల మీదున్న పడవ నేల మా షాపులోకి వచ్చేది. దాని మీద నిలబెట్టి కాలు చేసేవాడు.

బయటి ఊళ్ల పడవవాళ్లతో ఫోన్లో ఇంగ్లిషులో మాట్లాడే పని నాది. ఈ కొలత సరేనా అని ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు: “నన్నేల అడుగుతావు పాపా, నీళ్లను అడుగు.” పని అయ్యాక గ్లాసు మీద పడవ పేరు రాసి అలమరలో పెట్టేవాడు. జేబులోంచి కడలమిఠాయి, అదే మా ఊరి వేరుశనగ చిక్కీ, తీసి, విరిచి, పెద్దముక్క నాకిచ్చేవాడు.

ఒకే ఒక్కసారి పడవెక్కాడు. తాను చేసిన కాలునే రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు, దిగేదాకా వదల్లేదు.

ఈ ఏడు ఎండల్లో, లేత్ ముందే పడిపోయాడు. ఎడమ పక్క చచ్చుబడింది. నేనున్నాను గదా అని విరుదునగర్ ఆసుపత్రికే తెచ్చారు. నేనుండి ఏం చేశాను? పన్నెండు రోజులు వార్డు బయట బల్ల మీద కూర్చున్నాను. ఇంటికి తీసుకెళ్లిన రోజే మొదలైంది.

“మంచం వాలిపోతా ఉండాది పాపా. ఎడంపక్కకు పడిపోతా ఉండా.”

మంచం చదునుగానే ఉంది. మెదడులోనే వాలు ఏర్పడిందని, కొందరికి అలా అనిపిస్తుందని డాక్టరు చెప్పాడు. చిన్నాయనకు అది ఎలా చెప్పను? అలమరలోంచి కొత్త గ్లాసు తెచ్చి, మంచం పట్టె మీద పెట్టి నీళ్లు పోశాను. ఆయన కళ్లు చిట్లించి నీళ్ల అంచు చూశాడు.

“నీళ్లు సరిగానే ఉండాయి,” అన్నాడు. “అయితే నేనేల పడతా ఉండా?”

 

చిన్నమ్మ షాపులోకి వెళ్లి కొంగులో చెక్కముక్కలు పోసుకొచ్చింది. ఎడమవైపు రెండు మంచంకోళ్లూ నేను ఎత్తి పట్టుకుంటే ఒక్కొక్కటే దూర్చింది. ప్రతిసారీ ఆయన ముఖం చూసింది. ఒక్కో కోడు కిందా ఏడేసి ముక్కలు పడ్డాక “సరి, చాలు” అన్నాడు. అన్ని రోజుల తర్వాత ఆ మధ్యాహ్నం నిద్రపోయాడు.

వ్యాయామాలు చేయించడానికి వచ్చే అమ్మాయి చూసి కోప్పడింది. ఇలా చేస్తే ఆయన ఎప్పటికీ నిటారుగా కూర్చోలేడని, రోజుకొకటి చొప్పున తీసేయమని చెప్పింది. ఆమె చెప్పింది న్యాయమే. ఆయన నిద్రలో ఉండగా, నేలకు తగిలి చప్పుడు కాకుండా, రెండు కోళ్ల కింద నుంచీ ఒక్కొక్క ముక్క తీశాను. కళ్లు తెరవకుండానే కుడిచేత్తో మంచం పట్టె పట్టుకున్నాడు, ఆ రోజు పడవలో బల్ల కాలును పట్టుకున్నట్టే.

“తీస్తివి గదా,” అన్నాడు.

మళ్లీ పెట్టాను. మర్నాడు మళ్లీ తీశాను, మళ్లీ పట్టుకున్నాడు. తీస్తే భయపడుతున్నాడు, ఉంచితే బాగుపడడు. మూడోరోజు చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. “వద్దు పాపా. పడుకోనీ.” నేను ఆపేశాను. అది తప్పో ఒప్పో ఎవర్ని అడగాలో తెలియలేదు. ఆ మంచం మీదే, ఆ వాలులోనే, ఇంకో తొమ్మిది రోజులకు, నేను తిరిగి పనిలో చేరాక, వెళ్లిపోయాడు.

కర్మ అయ్యాక ఇల్లు కడిగే రోజు, చెక్కముక్కలు తీద్దామని మంచం దగ్గర వంగాను. “కొంచం ఉండు” అంది చిన్నమ్మ. ఆ రోజు నేను తెచ్చిన గ్లాసునే మంచం పట్టె మీద పెట్టింది. సగానికి నీళ్లు పోసి, కదలకుండా నిలిచేదాకా కాచుకుంది. ఆయన మార్కరు తీసుకుని, చదువురాని చేత్తో, నీళ్లు ఆనినచోటల్లా చుట్టూ గీత గీసింది. తలగడ ఉండే వైపుకి ఒక బాణం వేసింది. అప్పుడు నన్ను తీయమంది.

షాపు తాళం ఇప్పుడు నా దగ్గరుంది. తూత్తుకుడి నుంచి ఇంకా ఫోన్లు వస్తున్నాయి, నేను ఎత్తడం లేదు. కొరియర్లో పగిలిన ఒకటి పోగా, అలమరలో ఇరవై మూడు గ్లాసులున్నాయి. ఇరవై రెండింటి మీద పడవల పేర్లు. చివరిదాని మీద పేరు లేదు, గీత మాత్రం కొంచెం ఏటవాలుగా ఉంది.