ఒక్క మెట్టు కిందికి

ఆ రోజుల్లో, అంటే మెడలో ఆఫీసు కార్డు వేలాడేసుకుని చందానగర్ మార్కెట్లో టమాటాలు కొనడం కూడా గొప్పగా అనిపించిన రోజుల్లో, ప్రపంచంలో తప్పు ఎక్కడున్నా పట్టుకోగలిగేది నేనే అనుకునేవాణ్ణి. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో టెస్టర్ ఉద్యోగం నాది. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో లోపాలు వెతకడమే పని. రోజంతా అనుమానించడానికి జీతమిస్తే ఆ అలవాటు ఆఫీసు గేటు దగ్గర ఆగిపోదు. (పాలప్యాకెట్ మీద తేదీ రెండుసార్లు చదివేవాణ్ణి, దుకాణదారు ముందే.) ఆ అనుమానంతో ఒక మంచి మనిషికి చేసిన అన్యాయాన్ని ఇరవై ఏళ్ళు దాచుకున్నాను. ఇప్పుడైనా ఉన్నదున్నట్టు చెప్పాలి.

కంపెనీ వార్షికోత్సవానికి మా హెచ్.ఆర్. మేడమ్ పదిమందితో ఒక బృందగానం తయారుచేసింది. పాతకాలపు యూరప్ పాట. మాటలు లాటిన్, ఒక్కటీ అర్థం కాదు. కాగితం పైన మాత్రం మూడు సంగతులు రాసి ఉన్నాయి: చాలా నెమ్మదిగా, మైనర్ కీలో అంటే దిగులు పలికే స్వరాల వరసలో, శోకంతో. "తొందరపడితే ఏడుపు కాస్తా నవ్వులాట అవుతుందండీ. ఒక్కో స్వరాన్నీ బరువుగా మోయాలి" అనేది మేడమ్. మిగతావాళ్ళ సంగతేమో గాని, నేను నిజంగానే మోశాను. పాట మొదలవగానే నా భుజాలు కిందికి జారేవి, కళ్ళు చెమర్చేవి. నా గొంతు పెద్దది కాబట్టి నన్ను మధ్యలో నిలబెట్టారు. నా పక్కన సర్వర్ల గదిలో పనిచేసే, బోరబండ నుంచి వచ్చే ఒకాయన. నాకంటే ఐదారేళ్ళు పెద్ద, గొంతు బావిలోంచి వచ్చినట్టుండేది. అందరం ఆయన్ని మంద్రం అన్న అనేవాళ్ళం. నన్ను ఆయన తమ్మీ అనేవాడు.

పాటకి ముందు కీబోర్డు మీద ఒక స్వరం ఇచ్చి ఆపేస్తారు. నాలుగు నిమిషాలు ఉత్త గొంతులతోనే పాడాలి. చివరి పాదంలో కీబోర్డు మళ్ళీ వచ్చి కలుస్తుంది. కలిసినప్పుడల్లా మేము దాని స్వరానికి కచ్చితంగా ఒక మెట్టు కింద ఉండేవాళ్ళం. రోజూ అంతే. ఎవరో ఒకరు శ్రుతి తప్పి జారుతున్నారు, మిగతా అందరూ తెలియకుండానే వెంట జారుతున్నారు. "ఎవరో నేను కనిపెడతానండీ" అన్నాను మేడమ్‌తో. ఆఫీసులో చేసే పద్ధతే: ఒక్కో భాగాన్నీ పక్కన పెట్టి చూడటం. మొదటి రోజు ఏసీ ఆపించాను. జారింది. రెండో రోజు ఆడవాళ్ళ వరుసని కూర్చోబెట్టాను. జారింది. (వాళ్ళలో ఇద్దరు నాతో వారం రోజులు మాట్లాడలేదు.) మూడో రోజు మంద్రం అన్నని కూర్చోబెట్టాను. ప్రతి పాదం చివరా కీబోర్డు నొక్కి చూసి పుస్తకంలో రాసుకోవాలి కాబట్టి ఆ రోజు నేను పాడలేదు. (ఈ వాక్యం గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.) పాట జారలేదు. కీబోర్డు వచ్చి హాయిగా కలిసింది. దొంగ దొరికాడు.

ఇక పాడొద్దన్న మాట మేడమ్ ఆయనకి చెప్పలేక చెప్పింది. మంద్రం అన్న నా వైపు తిరిగాడు. "ఏంది తమ్మీ, నాతోనే అయితున్నదా?" అన్నాడు. నేను పుస్తకం చూపించాను. ఆయన అందులోకి చూడలేదు. "మా మామకు చెప్పిన, పాడుతున్న రమ్మని. ఏసీల కూసోని వైర్లు చూసుడు గూడ ఒక పనేనా అంటుంటడు. ఇగ ఏం చెప్పాలె గిప్పుడు" అని తనలో తాను అనుకున్నట్టు అని, నవ్వేశాడు. పాట కోసం కుట్టించుకున్న నల్ల కోటు మర్నాడు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "నీకు లేదు గద. వేస్కో. జర భుజాలు వదులుంటయి, ఫికర్ చెయ్యకు."

ఆ కోటు వేసుకునే స్టేజీ ఎక్కాను. మూడో వరుసలో మంద్రం అన్న, పక్కన తెల్లమీసాల మామగారు. మేడమ్ చెయ్యి ఎత్తింది. ఆ రోజు నాకు ఎన్నడూ లేనంత దుఃఖం వచ్చింది. నాలుగు నిమిషాలూ కరిగిపోయి పాడాను. చివరి పాదంలో కీబోర్డు వచ్చింది, మేము ఇక్కడ, అది అక్కడ. ఒకటి కాదు, ఏకంగా రెండు మెట్లు. ఒకే గుమ్మంలో ఇద్దరు లావుపాటి మనుషులు ఎదురెదురుగా ఇరుక్కున్నట్టయింది. దొంగని బయట కూర్చోబెట్టాక దొంగతనం రెట్టింపు ఎలా అయింది? ఆ మూడో రోజు మంద్రం అన్నతో పాటు ఇంకెవరు పాడలేదో అప్పుడు గుర్తొచ్చింది. వదులు కోటులో చెమటలు పట్టాయి. మూడో వరుస వైపు చూశాను. మంద్రం అన్న తల దించుకుని బూట్లు చూసుకుంటున్నాడు. జనం మాత్రం లేచి చప్పట్లు కొట్టారు. మా మేనేజరు వచ్చి "ఆ చివరి బాధ గుండె పిండేసిందయ్యా" అన్నాడు. నేను థాంక్యూ సార్ అన్నాను. అంతే అన్నాను. కోటు ఇస్త్రీ చేయించి, ఆయన సీట్లో లేని సమయం చూసి, కుర్చీకి తగిలించి వచ్చాను.

మొన్న మదీనాగూడలో పండ్ల దుకాణం దగ్గర కనిపించాడు. జుట్టు తెల్లబడింది, గొంతు అలాగే ఉంది. నిలబెట్టి చెప్పేశాను, మొత్తం. బత్తాయిలు ఏరుకుంటూ విన్నాడు.

"ఎరుకనే తమ్మీ. నీ పక్కనే నిలబడుతుంటి గద. నువ్వు దిగుతుంటివి, నేను పట్టుకొని ఆపుతుంటి."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదన్నా?"

"చెప్తె నిన్ను తీసేస్తుండె. పాట పాడుకుంట నిజంగ ఏడ్చెటోన్ని నిన్నే చూసిన." సంచీ ముడి వేశాడు. "మా మామ గిప్పటికీ ఎక్కిరిస్తడు, మూడో వరుసల కూసోని మంచిగ పాడినవ్ అల్లుడా అని."

"మొదటి పాదం గుర్తుందా?" అన్నాను. బత్తాయిల పక్కనే ఇద్దరం పాడాం, చాలా నెమ్మదిగా, శోకంతో. పండ్లాయన మమ్మల్ని అనుమానంగా చూశాడు. (ఆ చూపు నాకు బాగా తెలుసు.) పాదం అయ్యాక అలవాటు కొద్దీ ఫోన్లో శ్రుతి చూసుకున్నాను. ఒక్క మెట్టే దిగాను. ఆయన పక్కనే ఉన్నాడు మరి.