పక్కింటి అక్క సెల్లులు ఎండకు పెట్టిన రోజు

నా చిన్నప్పుడు మా వాడలో మొగవాళ్ల గొంతులు క్యాసెట్లలో ఇంటికి వచ్చేవి. కోరుట్ల దగ్గర పల్లె మాది. మా బాపు, అంటే మా నాన్న, దుబాయి పోయాడు. ఆయనకు రాయడం రాదు, మా అమ్మకు చదవడం రాదు. అందుకని అక్కడ క్యాసెట్‌లో మాట్లాడి, సెలవు మీద ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాడు. ఇక్కడినుంచి అమ్మ కూడా అట్లాగే మాట్లాడి పంపాలి. నాకు మాత్రం చదువుందా అంటే, నాకూ లేదు. ధర్మపురి బస్సనుకుని బీర్పూర్ బస్సెక్కి కూర్చున్న రోజు సిగ్గేసి, యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. నా రాత నా నడకలాగే నిదానంగా ఉంటుంది. తొందరున్నవాళ్లు వేరేది చదువుకోండి.

క్యాసెట్ వినిపించే మిషను మా వాడ మొత్తానికి ఒక్క ఇంట్లోనే ఉండేది, పక్కింటి అక్క ఇంట్లో. ఆమె పెనిమిటి మస్కట్‌లో పనిచేసి తెచ్చాడు. ఎవరింటికి క్యాసెట్ వచ్చినా ఆ ఇంటి అరుగు మీదే వినాలి. వినేది ఒక్కరు కాదు. ఆ ఇంటివాళ్లు, ఇరుగుపొరుగు, దారిన పోయేవాళ్లు అందరూ చుట్టూ చేరేవారు. ఆ సంగతి మా బాపుకు తెలుసు. కాబట్టి క్యాసెట్ నిండా అందరికీ దండాలు, అక్కడి ఎండలు, పక్క మంచం మీది మన ఊరివాడి జ్వరం, ఇవే. మా అమ్మ వంతుకు "పిల్లలు పైలం", అంటే జాగ్రత్త, అన్న మాట ఒకటి దొరికేది. తిరిగి మాట్లాడేటప్పుడూ అంతే. అమ్మ మిషను ముందు కూర్చుంటే వెనకాల మా బాపమ్మ, అంటే మా బాపు వాళ్లమ్మ, కూర్చునేది. అమ్మ "అందరం మంచిగున్నం" అనేసి లేచి వచ్చేది.

పక్కింటి అక్కకు ఇది నచ్చలేదు. ఒక సాయంత్రం అరుగు ఖాళీ అయ్యాక మా అమ్మను లోపలికి పిలిచింది. మిషను ముందు కూర్చోబెట్టి, ఎర్ర బొత్తం నొక్కి, తాను బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. గడపలో కూర్చుని బియ్యం చెరుగుతూ నాతో కావాలని పెద్దగా మాట్లాడింది, లోపలి మాట బయటికి రాకుండా. చాలాసేపటికి అమ్మ వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ ముఖం మాత్రం నెత్తిమీది మోపు దించినట్టు ఉంది. ఆ తేలికలో పడి క్యాసెట్‌ను మిషనులోనే మరిచిపోయి ఇంటికి వచ్చేసింది.

తెల్లారి నేను చల్ల కోసం గిన్నె పట్టుకుని అక్క ఇంటికి పోయాను. వీధి చివరి ఇంటికి కొత్త క్యాసెట్ వచ్చిందట, జనం అప్పుడే వాకిట్లోకి వస్తున్నారు. అందరికంటే ముందు మా బాపమ్మ, ఆమె పక్కన అక్క వాళ్ల అత్త. అక్క ఊడుస్తూ ఊడుస్తూ మిషను అద్దంలోంచి లోపల ఉన్న క్యాసెట్ చూసింది. చూడగానే చీపురు ఆగిపోయింది. ఎందుకంటే ఆమె అత్తకు ఒక అలవాటు ఉంది. మిషను ముట్టగానే ముందు క్యాసెట్ వెనక్కి తిప్పి, బొత్తం నొక్కి, లోపల ఏముందో వింటుంది. మా అమ్మ తలుపేసుకుని మొగుడికి చెప్పుకున్న మాటలు మా బాపమ్మ ఎదురుగా, వాడ మొత్తం ముందు మోగుతాయి. తీసేద్దామంటే ఆ మూత మొండిది, పిన్నీసుతో కాసేపు కెలికితే గానీ తెరుచుకోదు. అంత వ్యవధి లేదు.

అక్క మిషను బోర్లించి వెనక మూత ఊడదీసి, సెల్లులన్నీ నా లంగా ఒడిలో పోసింది. "మూలకు కూసో. కదిలినవంటే నీ వీపు చింతపండే" అని మళ్లీ చీపురు పట్టుకుంది.

అత్త వచ్చింది, కూర్చుంది, బొత్తం నొక్కింది. చప్పుడు లేదు. మళ్లీ నొక్కింది. తర్వాత మిషను వీపు మీద ఒక్కటి చరిచింది.

"నిన్న పొద్దుగూకినంక గూడ మంచిగనే అర్సింది గద" అంది మా బాపమ్మ.

ఎదురింటి తాత ముందుకు జరిగాడు. "సెల్లులు సల్లవడ్డట్టున్నయ్. జర ఎండకు పెడితె మల్ల లేస్తయ్" అని వెనక మూత తీశాడు. ఆ రోజుల్లో నీరసించిన సెల్లులను అందరం ఎండలో పెట్టేవాళ్లం. "ఏందే, లోపట ఒక్క సెల్లు లేదు!"

అక్క తల కూడా ఎత్తలేదు. "నేనే ఎండకు పెట్టిన తాతా, పెంకల మీద. పొద్దుగూకేదాక ఎండాలె."

తాత కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని కప్పు మీదికి చూశాడు. "ఏడ? కానస్తలెవ్వు."

"అవతలి దిక్కు పెట్టిన. ఎక్కి చూస్తవా, నిచ్చెన తేవాల్నా?"

అందరూ నవ్వారు. తాతకు మోకాళ్లు గుర్తొచ్చినట్టున్నాయి, వెనక్కి తగ్గాడు. "మా కోడలు ఏది చేసినా ఒగల్ని అడుగది" అని అత్త గొణిగింది. మూలన కూర్చున్న నా ఒడిలో సెల్లులు చల్లగా, బరువుగా ఉన్నాయి. నవ్వు ఆపుకోలేక చల్ల గిన్నెలో ముఖం పెట్టాను.

జనం పోయాక అక్క పిన్నీసుతో మూత లేపి క్యాసెట్ తీసింది, కొంగులో తుడిచి నా చేతికిచ్చింది. మా ఇంట్లో దీపం గూట్లో, అమ్మే పెట్టుకున్నట్టు పెట్టమంది. ఇంత పని చేసింది కదా, అమ్మకు చెబితే సంబరపడుతుందని నేనన్నాను.

"చెప్పకు బిడ్డా" అంది అక్క. "మర్సిపోయి అచ్చిన్నని తెలిసిందనుకో, రేపటి సంది ఆ మిషిన్ ముంగట మీ అమ్మ నోరు తెరవది."

తాను వినలేదని కూడా అక్క చెప్పలేదు. అది చెప్పాల్సిన మాటని ఆమెకు తోచనే లేదు.

మధ్యాహ్నం చేను నుంచి వచ్చిన అమ్మ క్యాసెట్ కోసం నడుము తడుముకుని వాకిట్లోనే నిలబడిపోయింది. పరుగున లోపలికి పోయింది. గూట్లో క్యాసెట్ చూసి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కింద కూర్చుంది. కాసేపటికి లేచి పొయ్యి ముట్టించింది. నేను ఏమీ చెప్పలేదు. ఆమె పోయేదాకా చెప్పలేదు.

ఇదంతా మళ్లీ కళ్ల ముందుకొచ్చింది మా మనుమరాలి పెళ్లిలో. హోటలు ఏ ఊరిదో చెప్పను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఈ మూడింట్లో ఒకటి. అంతకంటే అడగొద్దు.

కింద పెళ్లి, పైన గదులు. ముందురోజు నుంచి ఒక గదిలో పెళ్లిపిల్ల ఉంది. పెళ్లి అయిపోయాక ఆ గది ఖాళీ చేసి, ముసలివాళ్లు నడుం వాల్చుకుంటారని నాకూ పెళ్లిపిల్లవాడి నాయనమ్మకూ ఇచ్చారు. ఆమె మరమగ్గాల ఇంటి మనిషి. నేను అన్నం తిని పైకి వచ్చేసరికి ఆమె మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. గోడకున్న పెద్ద టీవీ మీద తెల్ల తువ్వాల కప్పి ఉంది.

"ఏం వదినె, టీవీకి సలి పెడ్తున్నదా?" అన్నాను.

"ముందుగాల తలుపెయ్యి" అంది ఆమె.

తలుపేశాక తువ్వాల కొస ఎత్తి చూపింది. మూలన గుండ్రంగా మా మనుమరాలి ఫొటో. పక్కన ఏవేవో బొమ్మలు, అక్షరాలు. ఇప్పటి టీవీలు ఫోన్లలాంటివి. మన పేరుతో తెరిస్తే మనం చూసేవన్నీ అందులోకి వస్తాయి. మనం గది వదిలిపోయినా అవి పోవు. తర్వాత వచ్చినవాళ్లు టీవీ పెట్టగానే, మనం ఏం చూశామో, ఏం వెతికామో వరుసగా కనబడుతుంది. పిల్ల పెళ్లి హడావిడిలో మూయకుండా పోయింది. ఈమె సీరియల్ చూద్దామని టీవీ పెడితే పిల్ల ముఖం వచ్చింది. చదువు రాదు, ఏ బొత్తం నొక్కితే ఏం అరుస్తుందోనని భయం. అందుకని తువ్వాల కప్పేసింది. వచ్చినవాళ్లనల్లా, వెలుగు కళ్లల్లో పొడుస్తోందని చెప్పి బయటినుంచే పంపించేసిందట.

అక్షరాలు వచ్చాక ఒక కష్టం ఉంది. కళ్ల ముందు పెడితే చదవకుండా ఉండలేం. కొన్ని చదివేశాను. పప్పు ఎట్లా వండాలి అన్నవి ఒక వరుస నిండా ఉన్నాయి. మా పిల్ల పదిమందికి వండి పెడుతుందని మా అల్లుడు, అంటే పిల్ల తండ్రి, పెళ్లిచూపుల్లో గొప్పగా చెప్పి ఉన్నాడు. తక్కినవి కొత్తింటికి పోయే పిల్ల గుబులు. అమ్మను కూడా అడగలేక టీవీని అడిగినవి. అవేమిటో ఇక్కడ రాయను. కనబడగానే నేనూ చూపు తిప్పుకున్నాను.

"ఏం రాసున్నది?" అని అడిగింది ఆమె.

"నీకెందుకు?"

కొంచెం ఆలోచించింది. "అవు, నాకెందుకు" అంది.

అంతలో తలుపు దబదబ మోగింది. ఆమె మనుమలు, పిల్లవాడికి తమ్ముళ్ల వరసవాళ్లు, మ్యాచ్ చూడాలట. ఒక్కసారి లోపలికి వస్తే అంతే. కొత్త వదినె పప్పు చదువు అని పెళ్లి పందిట్లోనే పాట కడతారు. కొత్తింట్లో మా పిల్ల ఎంతకాలం తల వంచుకుని తిరగాలో. రిమోట్ అందుకుని నాకు తోచిన బొత్తం నొక్కాను. టీవీ గొంతు చించుకుంది. "ముందుగా కందిపప్పును రెండుసార్లు కడుక్కోవాలి!"

తలుపవతల నవ్వులు. "నాయనమ్మా, ఏం చూస్తున్నవే?"

"పప్పు" అని కేకేసింది ఈమె.

"నీకు పప్పు రాదా?"

"మర్సిపోయినరా. ముసలిదాన్నైన. నీకస్తె నువ్వచ్చి వండు."

అవతల ఇంకా గట్టిగా నవ్వారు. వాళ్లు నవ్వింది ఆమెను చూసి. ఆమె నాకేసి తిరిగి, త్వరగా కానిమ్మని చేత్తో సైగ చేసింది. నేను కింద మూలన పళ్లచక్రం బొమ్మ పట్టుకున్నాను. అక్కడినుంచి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పోయాను. సై, న్, అవు, ట్. నొక్కితే ఖచ్చితంగానా అని అడిగింది. ఖచ్చితంగానే అని పైకే చెప్పి నొక్కాను. ఫొటో పోయింది. తలుపు తీశాం. కుర్రాళ్లు మ్యాచ్ పెట్టుకున్నారు.

నేను నడుం వాల్చి, పక్కింటి అక్క సంగతంతా ఆమె చెవిలో చెప్పాను. మంచం ఊగేటట్టు నవ్వింది. "మా ఇంట్ల సగం నేసిన బట్ట ఎవలకూ చూపియ్యం వదినె. పోగు పోగుకు వంక పెడ్తరు. నేసుడైనంక చూడనియ్" అంది.

కొంతసేపటికి మా మనుమరాలు వచ్చింది. గుమ్మంలోనే ఆగి టీవీ వైపు చూసింది. ముఖంలో రంగు పోయింది. మ్యాచ్ నడుస్తోంది. మా ఇద్దరినీ చూసింది. నేను ఫ్యాను చూస్తున్నాను. పిల్లవాడి నాయనమ్మ మాత్రం ఏమీ ఎరగనట్టు, "బిడ్డా, నా చెయ్యి గుంజుతున్నది. ఇంటికి పోయినంక వంటకాడ జర నా పక్కపొంటి ఉండాలె. నేను చెప్త, నువ్వు కలుపాలె, అంతే" అంది. పిల్ల గట్టిగా ఊపిరి వదిలి, అట్లాగే నాయనమ్మా అంది. ఆమె చేతికి నొప్పి ఏమీ లేదని నాకు తెలుసు. పొద్దున వంటవాడి చేతిలోంచి గంటె గుంజుకుని అంత పెద్ద గంజు నిండా ఉన్న కూర కలిపింది ఆమే.

ఇప్పుడు మా మనుమరాలు పప్పు వండితే గిన్నె అడుగు కనబడేదాకా తింటారు. అందుకే ఇది రాసే ధైర్యం చేశాను. అయినా మా ఇంటి సంగతేనా అని ఎవరైనా అడిగితే కాదంటాను.

హోటలు గది వదిలేముందు సబ్బుపెట్టె వెతుక్కుంటారు, చార్జర్ వెతుక్కుంటారు. ఆ టీవీ కూడా ఒకసారి పెట్టి చూసుకోండి. మీ పేరుంటే తీసేయండి. మరిచిపోయి వచ్చేస్తే ఫోన్లోంచే అన్నిచోట్లా మూసేయవచ్చని మా మనుమడు అంటాడు, వాణ్ని అడగండి. ఇంకొకరిది కనబడితే చదవకుండా మూసేయండి. మూశామని ఊరంతా చెప్పుకోకండి.

మా బాపు ఇంకా చాలా ఏళ్లు అక్కడే ఉన్నాడు. క్యాసెట్ వచ్చిన ప్రతిసారీ మా అమ్మ పక్కింట్లో తలుపేసుకుని మాట్లాడి వచ్చేది. అక్క గడపలో కూర్చునేది, నేను అక్క పక్కన. మొదట్లో లోపలినుంచి గుసగుసలాగా వినబడేది. పోనుపోను గొంతు లేచింది. తర్వాత తర్వాత నవ్వు వచ్చేది. మా ఇంట్లో ఎన్నడూ వినని నవ్వు, పదహారేళ్ల పిల్ల నవ్వినట్టు. ఏం చెప్పి నవ్వేదో నాకు తెలియదు. తెలుసుకోవాలని ఇప్పటికీ లేదు. ఆ నవ్వు మాత్రం నా వెంటే ఉంది.