ఫుమియే లాగిన తాడు

మధ్యాహ్నం గంట కొట్టగానే మా కార్ల ఫ్యాక్టరీలో లైను ఆగుతుంది, దీపాలు ఆరిపోతాయి, అందరూ అన్నం డబ్బాలు విప్పుకుంటారు. యాభై ఎనిమిదేళ్ల కజివారా ఫుమియే మాత్రం ఉమెబోషి అనే ఉప్పులో ఊరిన పుల్లటి పండు పెట్టిన అన్నం ముద్దని నిలబడే మింగేసి, టోపీ చంకలో పెట్టుకుని, కుడి చెవి పనిముట్లను నడిపే గాలి పైపులకు ఒగ్గి నడుస్తుంది. యంత్రాలు నోరు మూస్తేనే గాలి కారే చప్పుడు వినబడుతుంది. బుస్సుమన్న ప్రతిచోటా తేదీ వేసిన ఎర్ర చీటీ కడుతుంది. "గాలి ఊరికే వస్తుందనుకుంటున్నారు. దాన్ని పైపుల్లోకి తోసే కరెంటు కోసం ఎక్కడో బొగ్గు తగలబడుతూనే ఉంది," అని సణుగుతుంది.

తలుపులు బిగించే చోట ఒక గొట్టానికి ఈ ఏడాది మూడు చీటీలు కట్టింది. నగోయాలోని హెడ్డాఫీసు నుంచి పెద్దలు చూడడానికి వచ్చిన ప్రతిసారీ చీటీ మాయమైంది, చిల్లు మాత్రం అలాగే ఉంది. ఇవాళ మూడోదీ కనబడకపోయేసరికి, లైను నడుస్తుండగానే కారులో లోపం కనబడితే లైను ఆపడానికి తలమీద వేలాడదీసిన తాడు పట్టి లాగింది. లైను ఆగిపోయింది. సెక్షన్ పెద్ద హొత్తా ముఖం కందగడ్డలా చేసుకుని పరుగెత్తుకొచ్చాడు. కానీ తాడు లాగినవాళ్లకు ముందు ధన్యవాదాలు చెప్పాకే సంగతి అడగాలి, అది మా దగ్గరి ఆచారం.

"ధన్యవాదాలండీ," అన్నాడు పళ్లు నూరుతూ. "ఏ కారులో లోపం?"

"కార్లన్నీ బంగారంలా ఉన్నాయి బాబూ. గొట్టానికే చిల్లు."

"దానికి లైను ఆపుతారా? మతి ఉందా మీకు?"

ఫుమియే అతని చెయ్యి లాగి చిల్లు మీద పెట్టింది. అరచేతికి చల్లగాలి కొట్టింది.

"చీటీలైతే పీకేశారు. కొత్త గొట్టం వచ్చేదాకా దీన్ని అలాగే మూసి పట్టుకోండి. అప్పుడు నేనూ చెబుతాను, ధన్యవాదాలు."