ఎస్తేరమ్మ టీచరు పెట్టిన పందెం

జూన్ నెలలో మా ప్రొద్దుటూరులో చీనీకాయల, అదే మీ బత్తాయిల, వాసనను కూడా ఓడించే వాసన ఒకటుంది. ఇంకా నీళ్ళు చూడని కొత్త యూనిఫారం గుడ్డ వాసన. నా పండ్ల అంగడి బడికి వెళ్ళే దారిలో ఉంటుంది. మొన్న ఒక పాప వాళ్ళ నాయనతో వచ్చి, కాయలు ఏరుకుంటూ గంప మీదికి వంగింది. ప్యాంటు, చొక్కా, మెడలో టై. కదిలినప్పుడల్లా గంజి గుడ్డ కరకరమంటోంది. ఆ వాసన ముక్కుకు తగలగానే నా చెవిలో ఈల మోగింది. ముక్కుకూ చెవికీ ఏమిటి సంబంధమని అడగకండి. నేను ఎనిమిదో తరగతితో ఆగినదాన్ని. అలాంటివి తొమ్మిదిలో చెప్తారట. ఆ ఈల మాత్రం ఎస్తేరమ్మ టీచరుది. మీరెవరూ ఆమెను చూడలేదు కాబట్టి చెప్తాను.

ఆంధ్ర రాష్ట్రం పేరు చివర 'ప్రదేశ్' కొత్తగా వచ్చి చేరిన రోజులవి. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు వెళ్ళిపోయిందని మా నాయన తన సొంత బర్రె తప్పిపోయినట్టు దిగులు పడేవాడు. మేము జమ్మలమడుగులో ఉండేవాళ్ళం. మా బడిలో ఆ ఏడే యూనిఫారం పెట్టారు. మగపిల్లలకు ఖాకీ నిక్కరు, తెల్ల చొక్కా. మాకు తెల్ల జాకెట్టు, పాదాల దాకా ఆకుపచ్చ పావడ. పెద్దమనిషైన పిల్లలకు దాని మీద తెల్ల ఓణీ. మగపిల్లల గుడ్డ మోకాళ్ళ దగ్గర ఆగిపోతే మాది నేలంతా చిమ్ముకుంటూ వచ్చేది. బడి ఊడ్చే ఆయమ్మకు మా వల్ల సగం పని తగ్గిందని నా అనుమానం.

డ్రిల్లు పీరియడులో మగపిల్లలు చెడుగుడు ఆడేవాళ్ళు. ఆడపిల్లలం గోడ నీడన కూర్చుని వాళ్ళను చూసేవాళ్ళం. మా పాఠం అదే. అప్పుడు పులివెందుల నుంచి బదిలీ మీద వచ్చింది ఎస్తేరమ్మ టీచరు. పొడుగు మనిషి, చంకలో నల్ల గొడుగు, మెడలో ఈల, చీర కింద తెల్ల క్యాన్వాసు బూట్లు. ఆ బూట్లు చూడటానికి మొదటి వారమంతా ఊళ్ళో జనం ఏదో ఒక పని కల్పించుకుని మా బడి ముందు నుంచి నడిచారు. ఆమె మొదటిరోజే మా గోడ దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏంది చేస్తాండారు ఈడ?"

అందరూ తలలు దించుకున్నారు. నాకు నోరు ఊరుకోదు. "నీడ ఎండలోకి పోకుండా కాపలా కాస్తాండాం టీచర్" అన్నాను.

దెబ్బ పడుతుందనుకుని అరచేయి కూడా చాపాను. ఆమె నవ్వలేదు, కొట్టలేదు. "నీడ యాడికీ పోదులే. నువ్వు లెయ్. పేరేంది?"

"ఓబులమ్మ."

"ఆ గేటు దాకా పరిగెత్తి రా ఓబులమ్మా. నీ నోరు ముందొస్తాదో నువ్వు ముందొస్తావో చూస్తా."

పరుగెత్తాను. సగం దూరం గాలిలాగా పోయాను. మిగతా సగంలో పావడ అంచు బొటనవేలికి చుట్టుకుని బోర్లా పడ్డాను. లేచి, మళ్ళీ పరుగెత్తి, మళ్ళీ పడ్డాను. టీచరు నా మోకాలి మీద మట్టి దులుపుతూ మెల్లగా అంది, "పాపా, నీ కాళ్ళు శానా మంచివి. నీ గుడ్డే మంచిది కాదు."

చదువులో నన్ను మంచిదన్నవాళ్ళు అంతవరకు ఒక్కరూ లేరు. లెక్కల సారు నన్ను చూస్తే నిట్టూర్చేవాడు, తెలుగు అయ్యవారు కళ్ళు మూసుకునేవారు. ఈమె నా కాళ్ళను మెచ్చుకుంది. ఆరోజు ఇంటికి వెళ్ళి వాటిని రెండుసార్లు కడుక్కున్నాను.

ఆ నెలాఖరులో పులివెందులలో చుట్టుపక్కల బడుల ఆటల పోటీలు ఉన్నాయి. మా బడి నుంచి ఆడపిల్లలను ఎప్పుడూ పంపలేదు. ఈసారి పంపాలని టీచరు పట్టు. రోజూ సాయంత్రం మమ్మల్ని పరుగెత్తించేది. అక్కడే మాకొక ఆశ్చర్యం ఎదురైంది. నా పక్క బెంచీ మహబూబీ నాకన్నా నిదానంగా పరుగెత్తి నాకన్నా ముందు చేరేది. వాళ్ళ ఇంటి పద్ధతి ప్రకారం అది పైజామా, పొడుగు కమీజు వేసుకునేది. దానికి మాత్రం బడిలో అడ్డు చెప్పలేదు. మేమంతా రెండు చేతులతో పావడలు ఎత్తి పట్టుకుని, వరదలో మునిగిన వీధి దాటేవాళ్ళలాగా వచ్చేవాళ్ళం.

టీచరు హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళి, డ్రిల్లు రోజుల్లో పిల్లలందరికీ ఆకుపచ్చ పైజామా, పొడుగు చొక్కా ఉండనివ్వమని అడిగింది. ఆయన గుంటూరు వైపు మనిషి, మంచివాడు, భయస్థుడు. "నాదేముందండీ టీచరుగారూ! ఆడపిల్లల విషయం కదండీ, రేపు ఏదైనా మాటొస్తే ఈ ఊళ్ళో నేను కాపురం చెయ్యొద్దూ? తల్లిదండ్రులు ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు. లేకపోతే పులివెందులకు మగపిల్లలనే పంపుదామండి" అన్నారు. కిటికీ కింద నక్కి విన్నాను కాబట్టి మాట పొల్లుపోకుండా చెప్పగలుగుతున్నాను.

పిల్లల నాయనలను పిలిపించారు. అందరూ వచ్చి, వద్దని చెప్పి, బీడీలు వెలిగించుకుని వెళ్ళిపోయారు. ఇక ఇంట్లో మా అమ్మ నాగమ్మ. మా నాయన వద్దంటే బతిమాలి దారికి తెచ్చుకోవచ్చు. మా అమ్మ వద్దంటే హైదరాబాదు నుంచి మంత్రి వచ్చినా కుదరదు.

"పైజామా యేందే నీకు? మహబూబీ ఏసుకుంటాది, అది వాళ్ళ పద్ధతి. మనకు మన పద్ధతి ల్యా? కాళ్ళు రెండూ యేరేయేరేగా కనపడేటట్టు పరిగెత్తితే రేపు నిన్నెవురు చేసుకుంటారే?"

"రెండు కాళ్ళుండాయని తెలిస్తే చేసుకోరా మా?"

చీపురు ఎగిరి వచ్చింది. తప్పించుకున్నాను, అదీ ఒక పరుగే. కానీ ఆ సాయంత్రం స్తంభానికి ఆనుకుని కూర్చుంటే నాకు నిజంగానే ఏడుపు వచ్చింది. బడిలో నాకు చేతనైనది అదొక్కటే. ఆ ఒక్కటీ చూపించుకునే చోటికి వెళ్ళనివ్వకపోతే, ఇక నేను ఆ గోడ నీడన కూర్చుని ఎవరికి కాపలా కాయాలి?

మరునాడు టీచరుకు చెప్పాను. "మీరొచ్చి మా అమ్మకు నచ్చచెప్పండి టీచర్."

"నేను చెప్పను. చెప్తే వినేటట్టుంటే ఇన్నాళ్ళు ఎవురూ చెప్పలేదనుకుంటాండావా?" అని, గొడుగు తీసుకుని ఊళ్ళోకి బయలుదేరింది. ఇంటింటికీ వెళ్ళి, ఆదివారం బడి మైదానంలో పిల్లల తల్లులకు పరుగు పందెం ఉందని, గెలిచినవాళ్ళకు కొత్త ఇత్తడి బిందె ఇస్తానని చెప్పింది. పైజామా మాటే ఎత్తలేదు.

పెన్న ఇసుకలో చెలమ తవ్వి నీళ్ళు తోడుకునే ఊరికి బిందె అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆదివారం నాటికి ఊళ్ళో ఆడవాళ్ళకు వేరే మాట లేదు. మా అమ్మ మాత్రం, "నాకేం పని లేదా? ఊరికే చూసొస్తా" అంటూ ఇంట్లో అందరికన్నా ముందు తయారైంది.

మైదానానికి ఒక చివర సున్నంతో గీత గీశారు. రెండో చివర బల్ల మీద బిందె ఎండకు ధగధగమంటోంది. మగవాళ్ళంతా ప్రహరీ గోడెక్కి కూర్చున్నారు. హెడ్మాస్టరుగారు కుర్చీ వేయించుకున్నారు. తల్లులు చెంగులు భుజాల మీదుగా నిండా కప్పుకుని, పెళ్ళికి వచ్చినట్టు పద్ధతిగా గీత దగ్గరికి నడిచారు. మా అమ్మ పక్కన నిలబడి చూస్తోంది.

"ఏమ్మే నాగమ్మా, మోకాళ్ళు నొప్పులా?" అంది ఎదురింటి లచ్చుమక్క.

"నొప్పులు నీకు, మీ అత్తకు. జరుగమ్మే" అంటూ మా అమ్మ ఆమెను తోసుకుని గీత మీదికి ఎక్కింది.

ఎస్తేరమ్మ టీచరు ఈల నోట్లో పెట్టుకుంది. ఊదలేదు. అలాగే చూస్తూ నిలబడింది. ఎందుకు ఆగిందో మాకు అర్థం కాలేదు. అంతలో గీత మీద ఉన్న ఆడవాళ్ళంతా, ఎవరో చెప్పినట్టు, ఒక్కసారిగా వంగారు. కుచ్చెళ్ళు పిడికిట పట్టి, కాళ్ళ మధ్య నుంచి వెనక్కి లాగి, నడుము దగ్గర బిగించి దోపుకున్నారు. పత్తిచేలో దిగేటప్పుడు, కలుపు తీసేటప్పుడు, చెలమ తవ్వేటప్పుడు రోజూ కట్టుకునే గోచి. ఎవరూ ఆలోచించలేదు. పనికి వంగితే చేతులు వాటంతట అవే చేసే పని అది. చూస్తుండగానే ఆ గీత మీద ఒక్క చీర కుచ్చెళ్ళూ కనబడలేదు, అన్నీ కాళ్ళే. గోడ మీద మెడలు ముందుకు సాగాయి. ఆ మగవాళ్ళు చేలల్లో రోజూ చూసేదే. బడిలో కనబడటం మొదటిసారి.

అప్పుడు ఊదింది ఈల.

మా అమ్మ పరుగెత్తగలదని నాకు అంతవరకు తెలియదు. నన్ను తరిమేటప్పుడు ఆమె సగం బలమే వాడిందని ఆరోజు అర్థమైంది. దుమ్ము లేపుకుంటూ, కొప్పు ఊడిపోయినా పట్టించుకోకుండా, అందరినీ దాటి వెళ్ళి ఆగకుండానే బిందెను చంకన పెట్టుకుంది. హెడ్మాస్టరుగారు తాను హెడ్మాస్టరునన్న సంగతి మరిచి కుర్చీ మీద లేచి నిలబడి, "ఏం పరుగండీ బాబూ! ఏం పరుగు!" అని చప్పట్లు కొట్టారు.

టీచరు దగ్గరికి వెళ్ళి, ఏమీ ఎరగనట్టు అడిగింది. "ఏం నాగమ్మా, చీర అట్ల దోపుకుంటివే?"

మా అమ్మ ఆయాసపడుతూనే, "దోపుకోకుంటే ఎట్ల టీచరమ్మా? కాళ్ళకు అడ్డం పడ్తాంటే ఎవురైనా ఎట్ల పరిగెత్తేది?" అంది.

అనేసింది. ఆ మాట ఆమె చెవికి ఆమెదే తిరిగి వినబడింది. బిందె పట్టుకుని అలాగే ఆగిపోయి, నా వైపు చూసింది. నా మోకాళ్ళ మీద ఎండిన గాయాల వైపు చూసింది. నా జీవితంలో నోరు మూసుకుని నిలబడ్డ ఒకే ఒక సందర్భం అది.

"ఈ పిల్లకు గూడా కుట్టించు టీచరమ్మా, అదీ... ఏందది... ఆ కాళ్ళ గుడ్డ."

గోడ మీద నుంచి సుబ్బన్న, అదే లచ్చుమక్క మొగుడు, అరిచాడు. "ఏంది నాగక్కా, నువ్వు గూడానా?"

"నువ్వు మాట్లాడాకు సుబ్బన్నా! నీ పెండ్లాము కడాన వచ్చింది. పోయి ఆయమ్మ కాళ్ళకు నూనె పుయ్యి, పో!"

మైదానమంతా నవ్వు. ఆ నవ్వులోనే పని అయిపోయింది. గోచి బిగించి నిలబడ్డ పెళ్ళాల ముందు, కూతుళ్ళ కాళ్ళ గురించి మాట్లాడే ధైర్యం ఆ గోడ మీద ఒక్కరికీ లేదు. హెడ్మాస్టరుగారు గొంతు సవరించుకుని, డ్రిల్లు రోజుల్లో ఆడపిల్లలు పైజామా, పొడుగు చొక్కా వేసుకోవచ్చని అందరికీ వినబడేలా చెప్పారు.

మహబూబీ వాళ్ళమ్మ మా రెండో జత పావడలు కత్తిరించి పైజామాలు కుట్టింది. నా పావడలో పైజామా పోగా మిగిలిన గుడ్డతో మా తమ్ముడికి చొక్కా వచ్చింది. అంత గుడ్డను మోసుకుని నేను ఇన్నాళ్ళు నడిచానా అని వాడి చొక్కా చూసినప్పుడల్లా ఆశ్చర్యపోయేదాన్ని.

పులివెందుల మైదానంలో మేము బస్సు దిగి వరుసగా నడుస్తుంటే ఈలలు, కేకలు. గీత దగ్గర ఎవడో అరిచాడు, "రేయ్, మొగపిల్లోన్ని తెచ్చినారప్పో!"

"వాని మొగంలో కోతి..." అని నేను తిరగబోయాను. టీచరు నా భుజం పట్టి ముందుకు తిప్పింది. "నోటి పరుగు తరవాత. ముందు కాళ్ళ పరుగు."

ఆ పరుగు గురించి ఎక్కువ చెప్పలేను. నేల తెలియలేదు. కాళ్ళ మధ్య గాలి ఆడటం తెలిసింది. అడుగు నాకు కావలసినంత పొడవు పడటం తెలిసింది. పక్క పిల్లలు పావడలు ఎత్తి పట్టుకున్నారు కాబట్టి వాళ్ళకు చేతులు లేవు. నాకు నాలుగు ఉన్నట్టుంది. తాడు రొమ్ముకు తగిలి తెగినా ఆగక, అవతల ఉన్న వేరుశనగ చేలోకి పోయి ఆగాను. నా వెనకే మహబూబీ రెండో స్థానంలో వచ్చింది. నన్ను గేలి చేసిన ఊరే చుట్టూ మూగింది. ఇతర బడుల పిల్లలు నా పైజామా అంచు పట్టుకుని, "ఎవురు కుట్టినారక్కా? మాకూ కుడ్తారా?" అని అడిగారు. వాళ్ళ టీచర్లు ఎస్తేరమ్మ టీచరును పక్కకు తీసుకుపోయి, మీ ఊళ్ళో ఎట్లా ఒప్పించారని గుచ్చి గుచ్చి అడిగారు. ఆమె "ఒక బిందె కొనండి" అని మాత్రం చెప్పింది.

ఇంటికి రాగానే మా అమ్మ, "గెల్చినావా?" అంది.

"గెల్చినా."

"బిందె ఇచ్చినారా?"

"కప్పు ఇచ్చినారు మా."

దాన్ని అటూ ఇటూ తిప్పి, లోపలికి చూసి, "దీంట్లో గుక్కెడు నీళ్ళు గూడా పట్టవు గదే" అంది. కానీ వచ్చినవాళ్ళకల్లా చూపించింది. ఆ తరువాత ఎప్పుడూ నన్నెవరు చేసుకుంటారని అడగలేదు.

ఎనిమిదో తరగతి నన్ను రెండుసార్లు చూసింది, మూడోసారి చూసే ఓపిక లేక పంపేసింది. బడి మానేసిన రోజు ఎస్తేరమ్మ టీచరు మా ఇంటికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. అరుగు మీద కూర్చుని, "రేపు ఎవురన్నా నీతో, ఇది ఆడదాని పని కాదు అంటే ఏం చేస్తావు?" అని అడిగింది.

"తిడ్తా."

"తిట్టాకు. పందెం పెట్టు."

తరువాత ఆమె బదిలీ అయిపోయింది. ఏ ఊళ్ళో ఉండి, ఏ పిల్లల మోకాళ్ళు దులిపిందో నాకు తెలియదు. ఆ ఒక్క మాటతో మాత్రం నేను బతికాను. చీనీకాయల వ్యాపారంలో దిగినప్పుడు పులివెందుల తోటల దగ్గర దళారులు నన్ను చూసి నవ్వారు. లారీ ఎక్కి కాయలు సర్దించడం ఆడదానికి చేతకాదన్నారు. నేను తిట్టలేదు. వాళ్ళలో పెద్ద దళారితో, "నువ్వు ఆ లారీ, నేను ఈ లారీ" అన్నాను. గోచి బిగించి ఎక్కాను. పొద్దు వాలేసరికి నా లారీ ప్రొద్దుటూరు దారి పట్టింది. అతనిది ఇంకా తోటలోనే ఉంది. మరుసటి రోజు నుంచి అతనే నాకు కాయలు పంపాడు.

నిన్నటికి నిన్న తోటలు చూడటానికి బయలుదేరాను. నేను స్టాండుకు చేరేసరికి పులివెందుల బస్సు కదిలిపోతోంది. కుచ్చెళ్ళు వెనక్కి లాగి దోపుకుని అందుకున్నాను. నా మనవడి వయసున్న కండక్టరు పిల్లోడు తలుపు దగ్గర నుంచి గగ్గోలు పెట్టాడు.

"జేజీ! జేజీ! నిదానం! పడ్తావు జేజీ!"

మెట్టెక్కి, కడ్డీ పట్టుకుని చెప్పాను. "నీ బస్సు శానా నిదానంగా పోతాందని ఎక్కినా నాయనా. లేకుంటే దాటి పోయేదాన్ని."

బస్సంతా నవ్వింది. కిటికీ పక్కన సీటు ఇచ్చారు. ఆయాసం తీర్చుకుంటూ చీర దించుకోబోయాను. మళ్ళీ ఎందుకులే అని అలాగే కూర్చున్నాను. దిగినాక తోటలో చాలా దూరం తిరగాలి.